టన్నుకా, ధరకా, లాభానికా: ఖనిజ రాయల్టీకి ఏ పద్ధతి ఎక్కడ సరిపోతుంది

2009 ఆగస్టు వరకు మన దేశంలో ఇనుప ఖనిజం మీద రాయల్టీ, అంటే తవ్వుకునేవాళ్లు ప్రభుత్వానికి కట్టే సొమ్ము, టన్నుకు ఇన్ని రూపాయలని ఉండేది. నాణ్యతను బట్టి 4 రూపాయల నుంచి 27 రూపాయల దాకా. అదే కాలంలో చైనా కొనుగోళ్ల పుణ్యమా అని ఎగుమతి ధర టన్నుకు వేల రూపాయలకు చేరింది. బళ్లారి నుంచి, దాన్ని ఆనుకుని ఉన్న అనంతపురం సరిహద్దు నుంచి లారీలు బారులు తీరి రేవులకు వెళ్లాయి. అక్రమ తవ్వకాల గొడవ వేరే. పర్మిట్ తీసుకుని నిబంధనల ప్రకారం వెళ్లిన లారీ మీద కూడా ఖజానాకు దక్కింది ఆ 27 రూపాయలే. ఆ నష్టానికి దొంగతనం కారణం కాదు, ఎంచుకున్న పద్ధతే కారణం. 2009 ఆగస్టులో దాన్ని ధరలో 10 శాతంగా, 2014 సెప్టెంబరులో 15 శాతంగా మార్చారు.

రాయల్టీ మీద వాదన వచ్చిన ప్రతిసారీ అందరూ రేటు దగ్గరే ఆగిపోతారు. 10 శాతమా, 15 శాతమా? అంతకంటే ముందు తేల్చుకోవాల్సినవి మూడున్నాయి: దేని మీద లెక్కిస్తారు, ఏ చోట కొలుస్తారు, ఆ కొలతను ఎవరు తనిఖీ చేయగలరు. ఈ మూడూ కుదిరితే మామూలు రేటుతోనే మంచి రాబడి వస్తుంది. కుదరకపోతే 30 శాతం పెట్టినా కాగితం మీదే ఉంటుంది.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పుకోవాలి. రాయల్టీ పన్ను కాదని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2024 జూలై 25న 8:1 ఆధిక్యంతో తేల్చింది. రాయల్టీ పన్నేనన్న 1989 నాటి ఇండియా సిమెంట్స్ తీర్పు దానితో చెల్లకుండా పోయింది. రాయల్టీ అంటే ఖనిజం తవ్వుకునే హక్కు ఇచ్చినందుకు లీజుదారు ఇచ్చే ప్రతిఫలం. అంటే ఇది ప్రజల సొత్తుకు కట్టే వెల, కాబట్టి అమ్మేవాడు సరుకు తూకం, నాణ్యత, ధర చూసుకున్నట్టే ప్రభుత్వమూ చూసుకోవాలి. పార్లమెంటు పెట్టిన పరిమితులకు లోబడి ఖనిజ హక్కుల మీద రాష్ట్రాలు వేరుగా పన్ను వేసుకోవచ్చని కూడా అదే తీర్పు చెప్పింది. కాబట్టి లీజు తీసుకునేవాళ్లు రాయల్టీ ఒక్కటే లెక్కేసుకుని దిగకూడదు.

మూడు పద్ధతులు, ఒకే గని

ఊహకు ఒక ఇనుప గని తీసుకుందాం. టన్ను తవ్వి లారీకెత్తడానికి అసలు ఖర్చు 900 రూపాయలు. టన్నుకు ఎంత రాయల్టీ వస్తుందో చూడండి.

| అమ్మకం ధర | టన్నుకు 200 చొప్పున | ధరలో 15 శాతం | లాభంలో 30 శాతం |
|---|---|---|---|
| 1,000 | 200 | 150 | 30 |
| 2,000 | 200 | 300 | 330 |
| 5,000 | 200 | 750 | 1,230 |

పైపైన చూస్తే లాభం మీద వేసేదే అన్నిటికంటే న్యాయంగా కనిపిస్తుంది. ధర పడిపోతే గని మూతపడదు, ధర పెరిగితే ప్రభుత్వానికి పెద్ద వాటా. ఇప్పుడు మధ్య వరుసనే మళ్లీ తీసుకోండి. ధర 2,000. కంపెనీ యంత్రాల అద్దె, ప్రధాన కార్యాలయం ఖర్చులు, సొంత గ్రూపు నుంచి తెచ్చిన అప్పు మీద వడ్డీ అన్నీ కలిపి ఖర్చు 1,600 అని చూపింది. లాభం మీద వచ్చే రాయల్టీ 330 నుంచి 120కి పడిపోతుంది. ధర మీద వచ్చే 300 మాత్రం కదలదు. ఈసారి ఖర్చు నిజమే చూపి, సరుకును తమ అనుబంధ కంపెనీకే 1,200కు అమ్మినట్టు బిల్లు రాశారనుకోండి. ధర మీద వచ్చేది 180కి, లాభం మీద వచ్చేది 90కి దిగుతుంది. టన్ను లెక్క చెక్కుచెదరదు.

అంటే ఒక్కో పద్ధతికి ఒక్కో చోట చిల్లు. టన్ను లెక్కకు కాటా దగ్గర. ధర లెక్కకు కాటాతో పాటు బిల్లు దగ్గర. లాభం లెక్కకు కాటా, బిల్లు, ఖర్చుల పద్దు మూడు చోట్లా. మీ శాఖ ఎన్ని చిల్లులు కాయగలదో చూసుకుని పద్ధతి ఎంచుకోవాలన్నదే ఇక్కడ ఇచ్చే సలహా.

టన్నుకు ఇంత: ఎక్కడ మంచిది

ఇసుక, కంకర, గ్రావెల్, రోడ్డు మెటల్, సున్నపురాయి లాంటి చవక సరుకుకు ఇదే తగినది. చిన్న తరహా ఖనిజాల మీద 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం 15వ సెక్షన్ రాష్ట్రాలకే అధికారం ఇచ్చింది. మన రెండు రాష్ట్రాల్లో సీనరేజి ఫీజు అని వసూలు చేసేది అదే. ధర లెక్క పెడదామంటే వీటికి ఊరికో ధర, క్వారీకో బిల్లు. వాటన్నిటినీ తనిఖీ చేయడానికయ్యే ఖర్చు అదనంగా వచ్చే రాబడినే మింగేస్తుంది.

సున్నపురాయికి ఇంకో కారణముంది. పల్నాడు, ఎర్రగుంట్ల, హుజూర్‌నగర్ ప్రాంతాల్లో సిమెంటు కంపెనీలు సొంత గనిలో తవ్వి సొంత ఫ్యాక్టరీలోనే వాడుకుంటాయి. మధ్యలో అమ్మకమే లేదు, అమ్మకం లేనిచోట ధర ఎక్కడిది? అందుకే 2014లో రేట్లు మార్చినప్పుడు కూడా కేంద్రం దాన్ని ధరలో శాతంగా కాకుండా టన్నుకు 80 రూపాయలనే పెట్టింది.

ఇందులో దెబ్బతినేది రెండు విధాలుగా. ఒకటి, రేటు పాతబడిపోవడం. కేంద్రం నిర్ణయించే ఖనిజాలకు మూడేళ్లలో ఒకసారికి మించి రేటు పెంచకూడదని చట్టం 9వ సెక్షన్ చెబుతుంది. మూడేళ్లకోసారి పెంచి తీరాలని మాత్రం చెప్పదు. దాంతో ఏళ్లు గడిచిపోతాయి. టన్ను రేటు పెట్టేవాళ్లు దాన్ని టోకు ధరల సూచీకి కట్టి, ఏటా ఏప్రిల్ 1న తనంతట తాను మారేలా ఉత్తర్వులోనే రాసుకోవాలి.

రెండోది, మంచి రాయినే తవ్వి నాసిరకాన్ని వదిలేయడం. టన్నుకు ఒకటే రేటైనప్పుడు తక్కువ నాణ్యత సరుకు మీద రాయల్టీ భారం ఎక్కువవుతుంది. దాన్ని వ్యర్థం కింద గుట్టపోస్తారు, మళ్లీ తవ్వి తీయడం ఎవరికీ గిట్టుబాటు కాదు.

కొలత విషయానికొస్తే, క్వారీల దగ్గర పర్మిట్లు చూసి తృప్తి పడితే లాభం లేదు. ఆరు నెలలకోసారి గుంతను సర్వే చేయించి ఎన్ని ఘనపు మీటర్లు ఖాళీ అయ్యిందో చూడాలి. దాన్ని రాయి సాంద్రతతో గుణించి, ఇచ్చిన పర్మిట్ల మొత్తంతో పోల్చాలి. గ్రానైటుకైతే గుంత పరిమాణమంతా బ్లాకులుగా రాదు, వ్యర్థం చాలా పోతుంది. ఆ రికవరీ శాతాన్ని లీజుదారు చెప్పిన మాట మీద కాకుండా, ఆ క్వారీలోనే కొంత భాగం తవ్వించి కొలిచి పెట్టుకోవాలి. ప్రభుత్వ పనుల్లో కాంట్రాక్టరు బిల్లు నుంచి సీనరేజి కోసుకునే పద్ధతి రెండో వల లాంటిది. పర్మిటు లేని కంకర కూడా అక్కడ దొరుకుతుంది. కాబట్టి ఇంజనీరింగ్ శాఖల బిల్లులు, గనుల శాఖ పర్మిట్లు ఒకే నంబరుతో ముడిపడి ఉండాలి.

ధరలో శాతం: ఏ ధర, ఎవరి ధర

ఇనుము, మాంగనీసు, క్రోమైటు, బొగ్గు లాంటివాటికి ఇది మేలు. బొగ్గు మీద 2007లో కొంత స్థిరమైన మొత్తం, దానికి తోడు ధరలో 5 శాతం అనే మిశ్రమ సూత్రం పెట్టారు. 2012 మే నుంచి నేరుగా 14 శాతం చేశారు. సింగరేణి బొగ్గు మీద తెలంగాణకు వచ్చేది ఈ లెక్కనే.

ఇక్కడ అసలు ప్రశ్న ధర ఎక్కడిదన్నది. కంపెనీ బిల్లును నమ్మితే అనుబంధ సంస్థల అమ్మకాలతో మోసపోతాం. అందుకే ప్రధాన ఖనిజాలకు నాగపూర్‌లోని ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్ ప్రతి నెలా రాష్ట్రాలవారీగా, గ్రేడ్లవారీగా సగటు అమ్మకం ధర ప్రకటిస్తుంది. ఒక కంపెనీ తక్కువ బిల్లు రాసుకున్నా సగటు అంతగా కదలదు. కానీ ఒక రాష్ట్రంలో ఆ గ్రేడు తవ్వేవాళ్లు ఇద్దరు ముగ్గురే అయితే వాళ్ల బిల్లులే సగటు అవుతాయి. అలాంటి చోట పక్క రాష్ట్రం ధరో, ఎగుమతి ధరలోంచి రవాణా తీసేసిన ధరో కనీస ధరగా పెట్టుకోవాలి.

ఈ సగటులో ఒక చిక్కుముడి ఉంది. 2016 ఖనిజ రాయితీ నిబంధనల 38వ నియమం ప్రకారం అమ్మకం విలువలోంచి రాయల్టీని, జిల్లా ఖనిజ నిధికి (గనుల ప్రభావం పడే ప్రాంతాల కోసం లీజుదారు కట్టేది) కట్టినదాన్ని తీసేయడానికి వీల్లేదు. అంటే రాయల్టీ మీద మళ్లీ రాయల్టీ. 2015 జనవరి 12కు ముందు లీజు పొందిన ఇనుప గని అనుకుందాం. రాయల్టీ 15 శాతం, జిల్లా ఖనిజ నిధికి అందులో 30 శాతం, అంటే ఇంకో 4.5. ఈ రెండూ కొనుగోలుదారు నుంచే రాబట్టుకుని, గనికి నికరంగా 1,000 రూపాయలు మిగలాలంటే బిల్లు 1,242 కావాలి. దాని మీద 15 శాతం అంటే 186. పేరుకు 15 అయినా నికర ధర మీద పడేది 18.6 శాతం. ఖనిజ అన్వేషణ ట్రస్టు వాటా పక్కనపెట్టి చేసిన లెక్క ఇది. కొత్త విధానం రాసేవాళ్లు నికర ధర మీద 18 శాతం అని పెట్టడమే మంచిది. రాబడి ఇంచుమించు అంతే వస్తుంది, లెక్క పారదర్శకంగా ఉంటుంది, కోర్టు కేసులు తగ్గుతాయి.

ఇక గ్రేడు. ఇనుప ఖనిజానికి అందులోని ఇనుము శాతాన్ని బట్టి 58–60, 60–62, 62–65 అంటూ స్లాబులు. లంపు (గడ్డలు) వేరు, ఫైన్స్ (పొడి) వేరు. ఒక గూడ్సు రైలు సరుకు పరీక్షలో 60.2 బదులు 59.8 వచ్చిందంటే కింది స్లాబుకు పడిపోతుంది. అంత చిన్న తేడాను పుట్టించడానికి శాంపిల్ తీసే తట్ట ఎక్కడ ముంచారన్నది చాలు. కుప్ప అంచున గడ్డలు, నడుమ సన్నటిపొడి ఉంటాయి, రెంటి నాణ్యతా ఒకటి కాదు. నడుస్తున్న కన్వేయరు బెల్టు మీదనుంచి నిర్ణీత వ్యవధిలో శాంపిల్ తీసి, మూడు భాగాలు చేసి, ఒకటి కంపెనీకి, ఒకటి ప్రభుత్వ ల్యాబుకు, మూడోది సీలు వేసి వివాదం కోసం ఉంచాలి. స్లాబుల బదులు ఇనుము శాతం పెరిగినకొద్దీ ధర కూడా సమంగా పెరిగే సూత్రం పెడితే ఈ 59.8 బేరమే ఉండదు. తేమ సంగతి కూడా అంతే. వంద టన్నుల తడి సరుకులో 8 శాతం తేమ ఉంటే పొడి బరువు 92 టన్నులు. తేమ 12 అని రాస్తే నాలుగు టన్నులు లెక్కలోంచి మాయం. ఉత్తర్వులో తడి టన్నా, పొడి టన్నా అన్నది రాయకుండా వదిలేయకండి.

బంగారం, రాగి, సీసం లాంటి లోహాలకు ఖనిజం ధర పట్టుకోవడం కష్టం, అంతర్జాతీయ లోహం ధర మాత్రం రోజూ ప్రకటిస్తారు. అందుకే ఖనిజంలో ఉన్న లోహం బరువు మీద లెక్క. రాగికి లండన్ మెటల్ ఎక్స్ఛేంజి ధరలో 4.62 శాతం, బంగారానికి లండన్ బులియన్ ధరలో 4 శాతం. టన్ను రాతిలో 5 గ్రాముల బంగారం ఉండి, గ్రాము 7,000 రూపాయలనుకుంటే, 35,000లో 4 శాతం, టన్నుకు 1,400. ప్లాంటులో 5 గ్రాములకు 4 గ్రాములే చేతికొచ్చినా ప్రభుత్వ వాటా తగ్గదు, ఎందుకంటే లెక్క తవ్విన ఖనిజంలోని లోహం మీద. కొలిచే చోటు ఎంత ముఖ్యమో సీసం చూస్తే తెలుస్తుంది. ఖనిజంలోని సీసం మీదైతే 8.5 శాతం, శుద్ధి చేశాక వచ్చే చిక్కటి ఖనిజంలోని (కాన్‌సెంట్రేట్) సీసం మీదైతే 14.5 శాతం. లోహం ఒకటే, కొలిచే చోటు మారింది, రేటూ మారింది. రెండు రాష్ట్రాల రేట్లు పోల్చి ఎక్కువ తక్కువలు తేల్చే ముందు ఇది చూసుకోవాలి.

మెట్ల రేటు

ధర పెరిగినకొద్దీ శాతమూ పెరిగేలా పెట్టడం మరో దారి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ 2022 జూలై నుంచి బొగ్గు మీద ఇలాగే వసూలు చేస్తోంది. టన్ను ధరలో మొదటి 100 డాలర్ల మీద 7 శాతం, 100 నుంచి 150 దాకా 12.5, 175 దాకా 15, 225 దాకా 20, 300 దాకా 30, ఆ పైన 40 శాతం. ధర 350 డాలర్లుంటే మొత్తం 69.5 డాలర్లు, సగటున 20 శాతానికి కాస్త తక్కువ. పై రేటు పై భాగానికే వర్తిస్తుంది కాబట్టి ధర ఒక డాలరు పెరిగితే కంపెనీ నష్టపోయే పరిస్థితి రాదు. ధర గీత దాటగానే మొత్తం మీద పెద్ద రేటు పడేలా రాస్తే మాత్రం ప్రతి గీత దగ్గరా 299 డాలర్ల బిల్లులే కనిపిస్తాయి. ధరలు బాగా ఎగిసిపడే బొగ్గు, ఇనుము, లిథియం లాంటివాటికి మన దగ్గర కూడా ఇది పెట్టాలన్నది మా గట్టి అభిప్రాయం. ముందే రాసిన మెట్లు ఉంటే ధర పెరిగినప్పుడు హడావుడిగా చట్టం మార్చాల్సిన పని ఉండదు. జాంబియా 2015 జనవరిలో ఉపరితల రాగి గనుల మీద రాయల్టీని ఒక్కసారిగా 20 శాతం చేసి, గనులు ఆపేస్తామని కంపెనీలు అనేసరికి ఏడాది మధ్యలోనే 9 శాతానికి దించింది. ఆ ఊగిసలాటలో అటు రాబడీ రాలేదు, ఇటు నమ్మకమూ మిగల్లేదు.

లాభం మీద: ఎవరికి చేతనవుతుంది

నార్వే 1986 తర్వాత అనుమతి పొందిన చమురు క్షేత్రాలకు రాయల్టీ ఎత్తేసి, 2005 నాటికి పాతవాటికీ ముగించింది. ఇప్పుడు లాభం మీద మొత్తం 78 శాతం పన్ను. అది అక్కడ నడుస్తోందంటే కారణాలున్నాయి. లెక్కకు తీసుకునే ముడిచమురు ధరను కంపెనీ బిల్లులోంచి కాకుండా ఒక ప్రత్యేక మండలి నిర్ణయిస్తుంది. ఖర్చులు చూసే ఆడిటర్లకు ఆ రంగం లోతుపాతులు తెలుసు.

మన అనుభవం వేరు. కృష్ణా–గోదావరి బేసిన్‌లోని డీ6 బ్లాకు ఒప్పందంలో ముందు కంపెనీ ఖర్చు రాబట్టుకోవాలి, మిగిలిన లాభంలో ప్రభుత్వానికి వాటా. పెట్టుబడికి ఎన్ని రెట్లు తిరిగొచ్చిందన్నదాన్ని బట్టి ఆ వాటా పెరుగుతుంది. అభివృద్ధి ఖర్చు అంచనా 240 కోట్ల డాలర్ల నుంచి 880 కోట్ల డాలర్లకు చేరడంతో ప్రభుత్వ వాటా వెనక్కి పోయింది. ఇలాంటి సూత్రంలో ఖర్చు తగ్గించే ఆసక్తి కంపెనీకి ఉండదని కాగ్ 2011లో తప్పుపట్టింది. రంగరాజన్ కమిటీ 2012లో రాబడి పంపకానికి మారమంది, 2016 విధానంలో అలాగే మార్చారు. ఖర్చులతో సంబంధం లేకుండా మొదటి రోజు నుంచే వాటా వస్తుంది.

మధ్యేమార్గం కావాలంటే చిలీని, కెనడాలోని అల్బర్టాను చూడాలి. చిలీలో 2024 నుంచి ఏటా 50 వేల టన్నులు దాటిన రాగి కంపెనీలకు అమ్మకాల మీద 1 శాతం, దానిపైన గని లాభాన్ని బట్టి 8 నుంచి 26 శాతం. అల్బర్టా తారు ఇసుకల్లో పెట్టుబడి తిరిగొచ్చేదాకా మొత్తం రాబడిలో 1 నుంచి 9 శాతం, ఆ తర్వాత నికర రాబడిలో 25 నుంచి 40 శాతం. రెంటిలోనూ ఖర్చుల పద్దు ఎలా ఉన్నా వచ్చే కనీస వాటా ఒకటుంది. అది లేకుండా లాభం లెక్క ఒక్కటే పెట్టుకోవడాన్ని మన పరిస్థితుల్లో సిఫారసు చేయలేం.

చమురు, గ్యాసు విషయంలో అదనంగా

2016 విధానంలో భూమి మీద చమురుకు 12.5 శాతం, గ్యాసుకు 10 శాతం. లోతులేని సముద్రంలో 7.5. లోతు సముద్రంలో మొదటి ఏడేళ్లు ఏమీ లేదు, తర్వాత 5. అతిలోతులో ఏడేళ్ల తర్వాత 2. ఖర్చు పెరిగినకొద్దీ రేటు తగ్గించారు, ఇది సబబే. ఈ డబ్బు ఎవరికన్నది మనవాళ్లు తరచూ పొరబడే చోటు. కోనసీమ పొలాల్లోని బావుల రాయల్టీ ఆంధ్రప్రదేశ్‌కు వస్తుంది. కాకినాడ తీరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న బావులది రాజ్యాంగం 297వ అధికరణం ప్రకారం కేంద్రానికే.

ఇక్కడ ధరను బావి దగ్గర లెక్కిస్తారు. అంటే అమ్మకం ధరలోంచి పైపులైను, శుద్ధి ఖర్చులు తీసేసినది. ఆ తీసివేతలకు గరిష్ఠ పరిమితి లేకపోతే అక్కడే కారిపోతుంది. రిఫైనరీలకు డిస్కౌంటు ఇచ్చి అమ్మినప్పుడు రాయల్టీ ఏ ధర మీదన్న తగాదా గుజరాత్‌లో వచ్చింది. డిస్కౌంటుకు ముందున్న ధర మీదే కట్టాలని అక్కడి హైకోర్టు 2013లో చెప్పింది, 2014 ఫిబ్రవరి నుంచి అలాగే కట్టమని సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఎవరు ఏది చూసుకోవాలి

వేలంలో దిగే కంపెనీలు ప్రీమియాన్ని, అంటే పాటలో ఒప్పుకునే అదనపు శాతాన్ని, విడిగా చూడొద్దు. బ్యూరో ప్రకటిత ధరలో రాయల్టీ 15, వేలం గనులకు జిల్లా నిధి అందులో పదోవంతు, అంటే 1.5, దానిపైన మీరు పాడిన శాతం, రాయల్టీ మీద 18 శాతం జీఎస్టీ రివర్స్ చార్జి (లీజుదారే నేరుగా కట్టేది). ఒడిశాలో 2020లో కొన్ని ఇనుప గనులకు పాట 100 శాతం దాటింది. అంత పాడినవాళ్లకు ప్రకటిత ధర తగ్గితేనే బతుకు. కాబట్టి ఆ ధరను కాపాడుకోవడం ప్రభుత్వానికి ఇంకా ముఖ్యమవుతుంది.

గని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, విలేకరులు నాలుగు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే చాలు: కంపెనీ నెలవారీ రిటర్నులో పంపినట్టు చూపిన సరుకు, శాఖ ఇచ్చిన పర్మిట్లు, రైల్వే సైడింగులో ఎక్కిన టన్నులు, జిల్లా ఖనిజ నిధిలో జమ. వీటిలో ఏ రెండూ పొసగకపోయినా ప్రశ్న అక్కడ మొదలుపెట్టాలి.

ఉత్తర్వు రాసే అధికారులకు చివరగా ఒక చిట్టా. ఏ నెల ధర వర్తిస్తుంది: తవ్విన నెలదా, పంపిన నెలదా? డాలరు ధరను రూపాయల్లోకి ఏ రోజు మారకం రేటుతో మార్చాలి? ప్రకటిత ధర ఆ నెల రాకపోతే అంతకు ముందు నెలది తాత్కాలికంగా తీసుకుని, తర్వాత తేడా ఎన్ని రోజుల్లో సర్దాలి? లీజు హద్దు లోపలే శుద్ధి చేస్తే శుద్ధి చేసిన సరుకు మీదా, బయటికి తీసుకెళ్లి శుద్ధి చేస్తే తవ్వినదాని మీదా? తవ్వకం ఆపేసి కూర్చుంటే కట్టాల్సిన కనీస అద్దె (డెడ్ రెంటు) ఎంత, అది ఏటా పెరుగుతుందా? ఇవి రాసి లేని ఉత్తర్వును సంతకానికి పంపకండి.